ఇంధనం మండితే వచ్చే వేడిని కొలవడం ఎలా: కొవ్వొత్తి నుంచి బొగ్గు దాకా

ఇంట్లోగాని, కళాశాల ప్రయోగశాలలోగాని వేడిని నేరుగా చూపించే సాధనం మనకు దొరకదు. థర్మామీటర్ ఉష్ణోగ్రతను చూపిస్తుంది, తక్కెడ బరువును చూపిస్తుంది. ఈ రెండింటి నుంచి వేడిని మనమే లెక్కగట్టుకోవాలి. బరువు తెలిసిన నీటి కింద బరువు తెలిసిన ఇంధనాన్ని మండించి, ఆ నీరు ఎన్ని డిగ్రీలు వేడెక్కిందో చూడడమే ఈ పని మొత్తం. చెప్పడానికి ఇంత తేలికైనా, మొదటిసారి చేసినవారికి వచ్చే జవాబు చాలాసార్లు పుస్తకాల్లో ఉండే విలువలో సగం కూడా ఉండదు. తప్పు ఇంధనానిది కాదు. వెలువడిన వేడిలో పెద్ద భాగం నీటిని చేరకుండానే గాలిలో కలిసిపోతుంది. అందువల్ల ఈ వ్యాసంలో మంట గురించి కంటే, అలా పోయిన వేడిని లెక్కలోకి తెచ్చుకోవడం గురించే ఎక్కువగా చెబుతాను. దానికి నమ్మదగిన మార్గం ఒకటుంది: వేడి విలువ ముందే తెలిసిన ఇంధనాన్ని అదే పాత్ర కింద, అదే తీరున మండించి, మీ పరికరం ఎంత వేడిని పట్టుకోగలుగుతోందో ముందుగా తేల్చుకోవడం. ప్రయోగశాలల్లోని ఖరీదైన బాంబ్ కెలోరీమీటర్ (మూసిన ఉక్కు పాత్రలో ఇంధనాన్ని మండించి వేడిని కొలిచే పరికరం) కూడా ఈ పద్ధతి మీదే నడుస్తుంది.

ఒక కిలోగ్రాము ఇంధనం పూర్తిగా మండినప్పుడు వెలువడే వేడిని దాని కెలోరిఫిక్ విలువ అంటారు. పాఠ్యపుస్తకాలు దీన్ని కిలోకు ఇన్ని మెగాజౌళ్లని రాస్తే, బొగ్గు గనుల్లో, థర్మల్ విద్యుత్ కేంద్రాల్లో కిలోకు ఇన్ని కిలోకెలోరీలని చెప్పుకుంటారు. ఒక కిలోకెలోరీ అంటే దాదాపు 4.19 కిలోజౌళ్లు, కిలోకు ఒక మెగాజౌల్ అన్నా, గ్రాముకు ఒక కిలోజౌల్ అన్నా ఒకటే. ఈ వ్యాసంలో గ్రాముకు కిలోజౌళ్లనే వాడుతూ, బొగ్గు దగ్గరకు వచ్చినప్పుడు మాత్రం కిలోకెలోరీలకు మారుతాను.

సామగ్రి

ఒక చిన్న లోహపు గిన్నె, దాన్ని పట్టి ఉంచే ఇనుప స్టాండు, ఒక థర్మామీటర్, ఒక తక్కెడ, మంట చుట్టూ నిలబెట్టడానికి రెండు వైపులా కోసేసిన రేకు డబ్బా ఉంటే పని మొదలుపెట్టవచ్చు. గిన్నె పలుచని అల్యూమినియందిగాని రాగిదిగాని అయితే మేలు. గాజు బీకరు వేడిని నెమ్మదిగా లోపలికి పంపుతుంది కాబట్టి ఆలోపు వేడి గాలులు పక్కలకు జారిపోతాయి. రేకు డబ్బా కింది అంచు వెంబడి మేకుతో వరుసగా రంధ్రాలు కొట్టండి, లేకపోతే మంటకు గాలి అందక మసి పట్టడం మొదలవుతుంది. గిన్నెకు మూతగా ఒక అట్టముక్కను కోసి, అందులో థర్మామీటరుకు ఒక రంధ్రం, నీటిని కలియబెట్టే తీగకు మరొక రంధ్రం పెట్టుకోండి.

తక్కెడ విషయంలో రాజీ పడకూడదు. ఒక ప్రయోగంలో ఖర్చయ్యే మైనం ముప్పావు గ్రాము కూడా ఉండదు కాబట్టి, ఒక్కొక్క గ్రాము చొప్పున చూపించే వంటింటి తక్కెడ ఇక్కడ పనికిరాదు. బంగారం పనివారు వాడేలాంటి, గ్రాములో వందో వంతును చూపించే చిన్న ఎలక్ట్రానిక్ తక్కెడ కావాలి. థర్మామీటర్ డిగ్రీలో పదో వంతును చూపించేదై ఉండాలి. జ్వరం చూసే థర్మామీటరుతో ఈ పని జరగదు. దాని పరిధి 35 నుంచి 42 డిగ్రీల దాకా మాత్రమే, పైగా అది అప్పటిదాకా తాకిన గరిష్ఠ ఉష్ణోగ్రతనే చూపిస్తూ ఉంటుంది.

నిప్పుతో పని కాబట్టి కొన్ని మాటలు ముందే చెప్పాలి. పెట్రోలును ఈ పద్ధతిలో ఎప్పుడూ, ఎంత కొద్ది మోతాదులోనైనా మండించవద్దు. స్పిరిట్ మంట పగటి వెలుతురులో దాదాపు కనిపించదు కాబట్టి, దీపం ఆరిపోయిందనుకుని అందులో స్పిరిట్ పోయడం వల్లే ఎక్కువ ప్రమాదాలు జరుగుతాయి; దీపం పూర్తిగా చల్లారేదాకా సీసాను దాని దగ్గరకు తీసుకురావద్దు. బిగించి మూసిన డబ్బాను మంట మీద పెట్టకూడదు. ఫ్యాను ఆపాలి, కిటికీ తెరిచి ఉంచాలి, తడిబట్ట అందుబాటులో ఉండాలి. పిల్లలు చేస్తున్నట్లయితే పెద్దవారొకరు పక్కనే నిలబడాలి. పల్లీ పడనివారు ఉన్న గదిలో పల్లీలను కాల్చవద్దు.

మొదటి అంచె: కొవ్వొత్తితో పరికరాన్ని సరిచూసుకోవడం

విలువ తెలిసిన ఇంధనంగా ఇంట్లో అన్నిటికంటే సులువుగా దొరికేది రంగు, వాసన కలపని తెల్లని పారాఫిన్ కొవ్వొత్తి. మైనం మండినప్పుడు పుట్టే నీటి ఆవిరి గాలిలోకి పోతుందనుకుంటే, గ్రాముకు దాదాపు 43 కిలోజౌళ్ల వేడి వెలువడుతుంది. స్టియరిక్ ఆమ్లం కలిపిన కొవ్వొత్తుల విలువ ఇంతకంటే తక్కువగా ఉంటుంది కాబట్టి ప్యాకెట్టు మీద ఏముందో ఒకసారి చూసుకోండి. కళాశాలలో శుద్ధమైన ఇథనాల్ దొరికితే అది ఇంకా మంచి ప్రమాణం, దాని విలువ 26.8. రంగుల దుకాణంలో అమ్మే స్పిరిట్‌లో నీరు, ఇతర పదార్థాలు ఎంతెంత కలిసి ఉన్నాయో తెలియదు కాబట్టి దాన్ని ప్రమాణంగా వాడకూడదు.

గిన్నెను పొడిగా తూచి బరువు రాసుకోండి. అందులో 200 గ్రాముల నీటిని కూడా తూచే పోయండి. కొలపాత్రతో పోస్తే రెండు మూడు గ్రాముల తేడా తెలియకుండానే వచ్చేస్తుంది. నీరు గది ఉష్ణోగ్రత కంటే పది డిగ్రీలు చల్లగా ఉండేట్టు కుండ నీరో, ఫ్రిజ్ నీరో కలుపుకోండి. గది 31 డిగ్రీలుంటే 21 దగ్గర మొదలుపెట్టి 41 దగ్గర ఆపాలన్నమాట. ప్రయోగం మొదటి సగంలో గిన్నె గదికంటే చల్లగా ఉండి గాలి నుంచి కొంత వేడిని లాక్కుంటుంది, రెండో సగంలో గదికంటే వేడిగా ఉండి సుమారు అంతే వేడిని తిరిగి గాలికి వదులుతుంది, దాంతో గిన్నె పక్కల నుంచి జరిగే నష్టం చాలావరకు రద్దయిపోతుంది. వేడి మీద పరిశోధనలు చేసిన శాస్త్రవేత్త కౌంట్ రమ్‌ఫర్డ్ వాడిన ఈ పాత ఉపాయానికి రూపాయి ఖర్చు లేదు. అయితే విశాఖపట్నం, కాకినాడ వంటి తీర పట్టణాల్లో ఉక్కపోత రోజున 21 డిగ్రీల గిన్నెకు మంట వెలిగించకముందే బయటంతా చెమ్మ పడుతుంది. ఆ చెమ్మ ఆవిరి కావడానికి కూడా వేడి ఖర్చవుతుంది. అలాంటి చోట గదికంటే నాలుగైదు డిగ్రీలు మాత్రమే తక్కువగా మొదలుపెట్టి, అంతే ఎక్కువ దగ్గర ఆపడం నయం. అనంతపురంలో వేసవిలో చేసేవారికి ఈ ఇబ్బంది ఉండదు.

కొవ్వొత్తిని ఒక చిన్న రేకు మూత మీద అతికించి, ఒకసారి వెలిగించి ఒకటి రెండు నిమిషాలు మండనిచ్చి ఆర్పండి. మంట నిలకడకు రావడానికి ఇది అవసరం. చల్లారాక మూతతో సహా తూచి బరువు రాసుకోండి. గిన్నెను స్టాండు మీద పెట్టి, వత్తి వెలిగించాక మంట కొసకు గిన్నె అడుగుకు మధ్య రెండు సెంటీమీటర్ల ఎడం ఉండేట్టు సర్దుకోండి. గిన్నె మంటలోకి దిగితే మంట చల్లబడి, మండని కర్బనం మసిగా అడుగుకు అంటుకుంటుంది. ఎడం మరీ ఎక్కువైతే వేడి గాలి పక్కలకు తప్పుకుంటుంది. నీటి ఉష్ణోగ్రతను రాసుకుని, వెంటనే కొవ్వొత్తి వెలిగించి కింద పెట్టి, రేకు డబ్బాను చుట్టూ నిలబెట్టండి.

మండుతున్నంతసేపూ నీటిని మెల్లగా, ఆపకుండా కలియబెడుతూ ఉండండి. కలపకపోతే అడుగు నీరు వేడిగా, పై నీరు చల్లగా ఉండి థర్మామీటర్ ఏ పొరను చూపిస్తోందో తెలియదు. ఉష్ణోగ్రత అనుకున్న దగ్గరకు రాబోతుండగా మంట ఆర్పేయండి, కానీ ఊది ఆర్పవద్దు. ఊదినప్పుడు లేచే తెల్లని పొగ మండకుండా ఆవిరైపోయిన మైనమే, తక్కెడ మాత్రం దాన్ని కూడా మండినట్టే లెక్కగడుతుంది. పట్టకారుతో వత్తిని వంచి కరిగిన మైనంలో ముంచి పైకి తీస్తే పొగ రాకుండా ఆరుతుంది. ఆర్పిన తర్వాత కూడా గిన్నె అడుగులోని వేడి నీటిలోకి వస్తూనే ఉంటుంది కాబట్టి, కలుపుతూనే ఉండి ఉష్ణోగ్రత ఎంత గరిష్ఠానికి చేరిందో అది రాసుకోవాలి. ఆ తర్వాత కొవ్వొత్తిని మూతతో సహా మళ్లీ తూచండి.

లెక్క

ఒక ఉదాహరణ తీసుకుందాం. గిన్నె 60 గ్రాముల అల్యూమినియం, నీరు 200 గ్రాములు, ఉష్ణోగ్రత పెరుగుదల 20 డిగ్రీలు, తగ్గిన మైనం 0.69 గ్రాములు అనుకోండి. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి 4.18 జౌళ్లు కావాలి కాబట్టి 200 గ్రాములకు డిగ్రీకి 836 జౌళ్లు అవుతాయి. అల్యూమినియం విశిష్టోష్ణం, అంటే ఒక గ్రామును ఒక డిగ్రీ వేడెక్కించడానికి కావలసిన జౌళ్లు, 0.90 కాబట్టి గిన్నెకు మరో 54 జౌళ్లు కలిపితే మొత్తం డిగ్రీకి 890 జౌళ్లు. రాగి గిన్నె అయితే 0.39 తోను, స్టీలు గిన్నె అయితే 0.50 తోను గుణించుకోండి. ఇరవై డిగ్రీలకు 17.8 కిలోజౌళ్లు నీటికి, గిన్నెకు చేరాయి. దీన్ని 0.69 తో భాగిస్తే గ్రాముకు 25.8 కిలోజౌళ్లు.

ఇక్కడ ఆగిపోయి, కొవ్వొత్తి మైనం విలువ 25.8 అని రాసేస్తే ఆ సంఖ్యకు అర్థం లేదు. మైనం విలువ 43 అని మనకు ముందే తెలుసు. కాబట్టి ఈ ప్రయోగం మైనాన్ని కొలవలేదు, మీ పరికరాన్ని కొలిచింది: 25.8 ని 43 తో భాగిస్తే 0.60, అంటే మీ గిన్నె, రేకు డబ్బా, మూత కలిసి వెలువడిన వేడిలో 60 శాతాన్ని పట్టుకుంటున్నాయి. ఈ 0.60 ని మీ పరికరపు గుణకం అందాం. ఇదే ప్రయోగాన్ని అదే తీరున మరి రెండుసార్లు చేసి, వచ్చిన గుణకాలు ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయో లేదో చూడండి. ఒకసారి 0.60, మరోసారి 0.48 వస్తే ఎక్కడో గాలి వీస్తోంది, లేదా ఎడం మారుతోంది; అది తేలేదాకా మరో ఇంధనం జోలికి వెళ్లవద్దు.

ఆసక్తి ఉన్నవారు రేకు డబ్బా తీసేసి ఒకసారి చేసి చూడండి. గుణకం ఎంత పడిపోతుందో చూస్తే, కట్టెల పొయ్యికి మూడు వైపులా గోడ ఎందుకు కట్టేవారో లెక్కలోనే కనిపిస్తుంది.

రెండో అంచె: తెలియని ఇంధనాలు

గుణకం చేతికి వచ్చాక మిగిలినది సులువే. కొత్త ఇంధనాన్ని అదే గిన్నె కింద, అంతే నీటితో, వీలైనంతవరకు అదే ఎత్తు మంటతో కాల్చి, వచ్చిన జవాబును గుణకంతో భాగించాలి. ఒక పిన్నీసును లోహపు మూతకు గుచ్చి నిలబెట్టి, దాని మొనకు రెండు పల్లీ గింజలు గుచ్చారనుకుందాం. గింజల బరువు 1.00 గ్రాము, మండాక మిగిలిన నల్లని ముక్క 0.12 గ్రాములు, ఉష్ణోగ్రత పెరుగుదల 14 డిగ్రీలు అయితే నీటికి చేరిన వేడి 12.5 కిలోజౌళ్లు. మండిపోయిన 0.88 గ్రాములతో భాగిస్తే 14.2, దాన్ని మళ్లీ 0.60 తో భాగిస్తే గ్రాముకు దాదాపు 23.6 కిలోజౌళ్లు వస్తుంది. పల్లీలో సుమారు సగం నూనే కాబట్టి ఈ అంకె నమ్మదగినదే.

అయితే మిగిలిన ఆ నల్లని ముక్క బూడిద కాదు, బొగ్గు. బొగ్గులో ఉన్న వేడి ఇంకా బయటకు రాలేదు. పైగా గింజలోంచి ముందు మండిపోయేది నూనె, వెనుక మిగిలేది కర్బనం కాబట్టి, మండిన భాగం విలువా మొత్తం గింజ విలువా ఒకటి కావు. పల్లీలు మండే వేగం కూడా వేరు. కొవ్వొత్తి నీటిని వేడెక్కించడానికి ఆరేడు నిమిషాలు తీసుకుంటే, గింజలు పెద్ద మంటతో రెండు మూడు నిమిషాల్లోనే కాలిపోతాయి, అందువల్ల కొవ్వొత్తితో తేల్చిన గుణకం వీటికి అచ్చంగా అతకదు. ఇంటి ప్రయోగంలో పది శాతం అటూ ఇటూగా వచ్చిందంటే పని బాగా జరిగిందనే నా అభిప్రాయం. దశాంశం తర్వాత రెండంకెలు రాయడం మాత్రం వద్దు.

నువ్వుల నూనె, పల్లీ నూనె వంటివాటికి చిన్న ప్రమిదలో దూది వత్తి వేసి అదే లెక్క చేయవచ్చు. వంట నూనెలన్నిటి విలువా గ్రాముకు 37 దగ్గరే ఉంటుంది కాబట్టి ఒక నూనెకు మరో నూనెకు మధ్య తేడాను ఈ పరికరం పట్టలేదు. స్పిరిట్ దీపం విషయంలో గుర్తుంచుకోవలసినది ఒకటే: మండకపోయినా అది ఆవిరైపోతూ ఉంటుంది. తూచే ముందు, ఆర్పిన వెంటనే మూత పెట్టకపోతే ఆవిరైన స్పిరిట్ కూడా మండిన ఖాతాలో పడుతుంది. కిరోసిన్‌ను మూసి ఉన్న, వత్తి బిగుతుగా ఉన్న చిన్న బుడ్డిలో తప్ప వెడల్పు పళ్లెంలో మండించకండి. దాని మసి ఎక్కువ కాబట్టి ప్రయోగం తర్వాత గిన్నె అడుగును తుడిచి మళ్లీ తూచి, ఆ మసి ఎంతో రాసుకుంటే మంచిది. మసిలోని ప్రతి గ్రాము కర్బనమూ దాదాపు 33 కిలోజౌళ్ల వేడిని తనలోనే దాచుకుని ఉంటుంది.

తేమ, ఆవిరి, రెండు రకాల విలువలు

గ్యాస్ స్టౌ మీద చల్లని నీళ్ల గిన్నె పెట్టిన తొలి నిమిషంలో దాని అడుగున చెమ్మ పట్టడం ప్రతి వంటింట్లోనూ చూసిన విషయమే. ఆ నీరు గిన్నె లోపలిది కాదు, గ్యాస్‌లోని హైడ్రోజన్ మండి పుట్టిన ఆవిరి. ఆ ఆవిరి చల్లబడి నీరుగా మారితే, దానిలోని గుప్తోష్ణం (నీరు ఆవిరిగా ఉండడానికి పట్టుకున్న వేడి) కూడా మనకు దక్కుతుంది. అలా దక్కినట్టు లెక్కగడితే వచ్చేది స్థూల కెలోరిఫిక్ విలువ, ఆవిరి ఆవిరిగానే పొగగొట్టం గుండా పోయిందని లెక్కగడితే వచ్చేది నికర విలువ. మూసిన బాంబ్ కెలోరీమీటర్ స్థూల విలువను ఇస్తుంది. మన గిన్నె నుంచి ఆవిరి చాలావరకు తప్పించుకుంటుంది, అందుకే పైన ప్రమాణంగా నికర విలువలను తీసుకున్నాం. రెండు వేర్వేరు పట్టికల నుంచి ఒక ఇంధనానికి స్థూలం, మరొక ఇంధనానికి నికరం తీసుకుని పోల్చడం చాలాచోట్ల కనిపించే తప్పు; మీథేన్‌కు స్థూలం 55.5, నికరం 50.0 కాబట్టి ఆ ఒక్క పొరపాటుతోనే పది శాతం తేడా వచ్చేస్తుంది.

కట్టె, ఊక, పిడక, చెరుకు పిప్పి వంటి ఇంధనాల్లో సొంత తేమ కూడా తోడవుతుంది. వాటిని కొలిచే ముందు కొంత నమూనాను 105 డిగ్రీల ఓవెన్‌లో బరువు ఇక తగ్గడం ఆగేదాకా ఎండబెట్టి తేమ శాతం తేల్చండి. ఎండు కట్టె స్థూల విలువ గ్రాముకు 19 కిలోజౌళ్లు అనుకుందాం. అందులో 20 శాతం తేమ ఉంటే మండే పదార్థం 0.8 గ్రాములే కాబట్టి విలువ 15.2 కు దిగుతుంది. ఆ 0.8 గ్రాముల కట్టెలోని 6 శాతం హైడ్రోజన్ నుంచి పుట్టే 0.43 గ్రాముల నీరు, తేమలోని 0.20 గ్రాముల నీరు కలిసి ఆవిరిగా పోతూ గ్రాముకు 2.44 కిలోజౌళ్ల చొప్పున వేడిని పట్టుకుపోతాయి. చివరకు మిగిలే నికర విలువ 13.7. చక్కెర మిల్లు నుంచి వచ్చే చెరుకు పిప్పిలో సగం బరువు నీరే ఉంటుంది. ఇదే లెక్క చేస్తే దాని నికర విలువ 7.6 దగ్గర తేలుతుంది. అందుచేత ఏ విలువ రాసినా, అది ఎండు ఇంధనానిదా, తేమతో ఉన్నదానిదా అన్నది పక్కనే రాయాలి. అది లేని అంకెతో కొనుగోలు బేరం కూడా కుదరదు.

మూడో అంచె: ప్రయోగశాలలో బాంబ్ కెలోరీమీటర్

గిన్నె పద్ధతిలో వేడి పోయే దారులన్నీ తెరిచే ఉంటాయి. ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు మార్సెలిన్ బెర్తెలో 1880ల తొలినాళ్లలో రూపొందించిన బాంబ్ కెలోరీమీటర్ వాటిని దాదాపు అన్నిటినీ మూసేసింది. గట్టి ఉక్కు పాత్రలో నమూనాను ఉంచి, ఆక్సిజన్‌ను అధిక పీడనంతో నింపి, ఆ పాత్ర మొత్తాన్ని నీటిలో ముంచి లోపల మండిస్తారు. మంట నీటి మధ్యలోనే జరుగుతుంది కాబట్టి వేడికి బయటకు పోయే దారి దాదాపు ఉండదు. ఇది శిక్షణ పొందినవారి సమక్షంలో, పరీక్షించిన పరికరంతో మాత్రమే చేయవలసిన పని. ఇలాంటి దాన్ని ఇంట్లో తయారుచేసే ఆలోచన ప్రాణాల మీదకు తెస్తుంది.

బొగ్గును పొడిచేసి 212 మైక్రాన్ల జల్లెడ పట్టాలి. ఆ పొడిని బాగా కలిపి, సుమారు ఒక గ్రాము తీసుకుని బిళ్లగా నొక్కి, మూసలో (క్రూసిబుల్‌లో) ఉంచి గ్రాములో పదివేలో వంతు దాకా తూచండి. పొడిగానే ఉంచితే ఆక్సిజన్ నింపేటప్పుడు కొంత ఎగిరిపోయి మండకుండా మిగలవచ్చు. బాంబ్ రెండు కడ్డీల మధ్య, కరెంటుతో ఎర్రగా కాలే నిక్రోమ్ తీగను కట్టి, దాని నుంచి ఒక నూలు దారాన్ని బిళ్లకు తగిలేట్టు వేలాడదీయండి. బాంబ్ అడుగున ఒక మిల్లీలీటరు శుద్ధజలం వేసి, మూత బిగించి, ఆక్సిజన్‌ను 30 బార్ల దాకా నెమ్మదిగా నింపండి. వేగంగా వదిలితే నమూనా చెదురుతుంది. నింపిన బాంబ్‌ను బకెట్ నీటిలో ముంచి బుడగలు వస్తున్నాయేమో చూసి, బుడగలు వస్తే ఆ ప్రయోగం అక్కడితో ఆపేయాలి.

కెలోరీమీటర్ పాత్రలోకి 2,000 గ్రాముల నీటిని తూచి పోయండి. కలిపే చక్రం తిప్పుతూ అయిదు నిమిషాలు నిమిషానికొకసారి ఉష్ణోగ్రత రాసుకుని, ఆ తర్వాత మీట నొక్కి నమూనాను అంటించండి. ఆ క్షణాల్లో పరికరం మీదకు వంగి చూడకూడదు. ఉష్ణోగ్రత మొదట వేగంగా, ఆ తర్వాత మెల్లగా పెరిగి, చివరకు నిలకడగా తగ్గడం మొదలయ్యేదాకా రాస్తూనే ఉండాలి. ముందటి అయిదు నిమిషాల వాలు, చివరి అయిదు నిమిషాల వాలు గ్రాఫు మీద గీసి, మొత్తం పెరుగుదలలో 63 శాతం పూర్తయిన క్షణం దగ్గరకు రెండు గీతలనూ పొడిగిస్తే వాటి మధ్య ఎడమే అసలు పెరుగుదల. చుట్టుపక్కలకు పోయిన, అక్కడి నుంచి వచ్చిన వేడిని ఈ పద్ధతి సరిదిద్దుతుంది.

పీడనాన్ని నిమిషం పాటు నెమ్మదిగా వదిలాక బాంబ్ తెరవండి. లోపల మసి కనిపిస్తే దహనం పూర్తి కాలేదని అర్థం, ఆ ఫలితాన్ని పక్కన పెట్టాలి. లోపలి గోడలను శుద్ధజలంతో కడిగి, ఆ కడుగునీటిలోని ఆమ్లాన్ని తటస్థీకరణతో కొలవండి. గాలిలోని నత్రజని నుంచి నత్రికామ్లం, బొగ్గులోని గంధకం నుంచి గంధకికామ్లం పుడతాయి. పొయ్యిలో ఇలా జరగదు కాబట్టి వాటి వల్ల వచ్చిన వేడిని తీసివేయాలి. తీగ, దారం ఇచ్చిన కొద్దిపాటి వేడిని కూడా తీసివేయాలి.

కొవ్వొత్తితో మనం చేసిన పనిని ఇక్కడ బెంజోయిక్ ఆమ్లపు బిళ్లలతో చేస్తారు. దాని విలువ గ్రాముకు 26.43 కిలోజౌళ్లని ధ్రువీకరించి అమ్ముతారు. ఒక గ్రాము మండించగా 2.600 డిగ్రీలు పెరిగి, తీగ, దారాల వాటా 0.07 కిలోజౌళ్లయితే, మొత్తం 26.50 ని 2.600 తో భాగించగా డిగ్రీకి 10.19 కిలోజౌళ్లు వస్తుంది. నీరు, బాంబ్, పాత్ర అన్నీ కలిసి ఒక డిగ్రీ పెరగడానికి తీసుకునే వేడి ఇది. దీన్నే నీటి తుల్యాంకం (ఇంతే వేడిని తీసుకునే నీటి బరువు) రూపంలోనూ రాస్తారు. ఇప్పుడు ఒక గ్రాము బొగ్గు 1.750 డిగ్రీల పెరుగుదల ఇచ్చిందనుకుంటే 17.83 కిలోజౌళ్లు, తీగ, దారాలకు 0.07, ఆమ్లాలకు 0.05 తీసివేస్తే 17.71. కిలోకెలోరీల్లో చెప్పాలంటే కిలోకు సుమారు 4,230.

ఈ అంకెలో చిన్న తేడా ఎంత దూరం పోతుందో సింగరేణి బొగ్గు కొనేవారికి బాగా తెలుసు. 2012 జనవరికి ముందు మన దేశంలో కోకింగ్ రకం (ఉక్కు తయారీకి కోక్‌గా మార్చేది) కాని బొగ్గుకు, బూడిద శాతాన్ని, తేమ శాతాన్ని కలిపి 138 తో గుణించి, దాన్ని 8,900 నుంచి తీసివేసి శ్రేణి నిర్ణయించేవారు, కెలోరీమీటర్ అక్కర ఉండేది కాదు. అప్పటి నుంచి స్థూల కెలోరిఫిక్ విలువే ఆధారం: కిలోకు 7,000 కిలోకెలోరీలు దాటితే జి-1, అక్కడి నుంచి 300 చొప్పున దిగుతూ 2,200 దగ్గర జి-17 దాకా. మన ఉదాహరణలోని 4,230 బొగ్గు 4,000 నుంచి 4,300 మధ్య ఉన్న జి-11 లోకి వస్తుంది. మరో 70 కిలోకెలోరీలకు మించి వచ్చి ఉంటే అది జి-10 అయ్యేది, ధర మారేది. ఆ 70 కిలోకెలోరీలు మన థర్మామీటర్ మీద డిగ్రీలో వందో వంతుల లెక్కన మూడు మాత్రమే. ఈ కారణంగానే బొగ్గు ప్రయోగశాలలో డిగ్రీలో వెయ్యో వంతు చూపించే థర్మామీటర్ వాడతారు; అంతకంటే ముందు, వ్యాగన్ నుంచి నమూనా తీయడంలోనే ఎక్కువ తగాదాలు వస్తాయి. టన్నుల కొద్దీ బొగ్గుకు ఒక గ్రాము ప్రతినిధి కావాలంటే పెద్ద ముక్కలు, పొడి, రాయి అన్నీ అవి ఉన్న పాళ్లలోనే ఆ గ్రాములోకి రావాలి. శ్రేణి నిర్ణయానికి వాడే విలువను 40 డిగ్రీల వద్ద, 60 శాతం గాలి తేమలో నిలకడకు వచ్చిన నమూనాకు సరిపెట్టి చెబుతారన్నది కూడా గుర్తుంచుకోవాలి.

వాయువుల మాట

వాయువును తూచి మండించడం కష్టం కాబట్టి దానికి ప్రవాహ పద్ధతి వాడతారు. మీటరు గుండా వచ్చే గ్యాస్ నిలకడగా మండుతూ ఉండగా, చుట్టూ గొట్టంలో నీరు ఒకే వేగంతో పారుతూ వేడెక్కుతుంది. కొంత కాలంలో పారిన నీటి బరువు, దాని ఉష్ణోగ్రత పెరుగుదల, ఖర్చయిన గ్యాస్ ఘనపరిమాణం తెలిస్తే లెక్క పూర్తవుతుంది. జంకర్స్ కెలోరీమీటర్ చేసేది ఇదే. బయోగ్యాస్‌లో 60 శాతం మీథేన్ ఉంటే సున్నా డిగ్రీల వద్ద ఘనపు మీటరుకు నికర విలువ సుమారు 21.5 మెగాజౌళ్లు వస్తుంది. మన ఊళ్లలోని 30 డిగ్రీల వద్ద అదే ఘనపు మీటరులో దాదాపు పదో వంతు వాయువు తక్కువగా ఉంటుంది కాబట్టి ఉష్ణోగ్రత, పీడనం రాయకుండా ఘనపు మీటరు లెక్క చెప్పకూడదు. ఇంటి ఎల్పీజీ స్టౌ మీద నీళ్లు కాచి గ్యాస్ విలువ తేల్చాలనుకునేవారు ఉన్నారు. గృహ వినియోగ స్టౌలకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 4246 కనీసం 68 శాతం ఉష్ణ సామర్థ్యాన్ని కోరుతుంది. మీ గిన్నెకు చేరిన వేడి ఆ స్టౌ సామర్థ్యాన్ని చెబుతుందేగాని గ్యాస్ విలువను చెప్పదు.

ఫలితం రాసే తీరు

ఇంటి ప్రయోగమైతే ఇంధనం పేరు, దాని తేమ, గిన్నె లోహం, బరువు, నీటి బరువు, మొదలు, చివర ఉష్ణోగ్రతలు, గది ఉష్ణోగ్రత, మండిన బరువు, మండిన సమయం, మిగిలిన ముక్క, ఏ ప్రమాణంతో ఎంత గుణకం తేల్చారన్నది ఒకే పట్టికలో రాయండి. గుణకంతో భాగించకముందు అంకెను, భాగించిన తర్వాత అంకెను విడివిడిగా ఉంచండి. మూడుసార్లు చేసి సగటుతో పాటు ఎక్కువ, తక్కువలను కూడా చూపండి. బాంబ్ కెలోరీమీటరుతో అయితే ఒకే నమూనాకు రెండుసార్లు చేసి, రెండు ఫలితాల మధ్య తేడా గ్రాముకు 120 జౌళ్లు, అంటే కిలోకు 29 కిలోకెలోరీలు దాటితే ఆ రెండింటినీ సగటు చేయకుండా మూడో బిళ్ల నొక్కాలి.